దానమునకు కొలత ఎవరిది?

దానమునకు కొలత నిర్ణయింపవలసినవాడు దాతయా, గ్రహీతయా? వామనుడు కోరినది మూడడుగుల నేల. అంతకు మించి కోరుమని బలిచక్రవర్తి పలికినను, తుదకు ధారపోసినది అడిగినదానినే. ఈ ధర్మసూక్ష్మము నేటికిని విచారింపదగినది.

పసిఫిక్ మహాసముద్రమున కిరిబాటి యను చిన్న దేశము కలదు. దాని 33 దీవులలో పెక్కు సముద్రమట్టమునకు కొలది మీటర్ల ఎత్తున మాత్రమే యున్న పగడపు దీవులు. అచ్చటి వికలాంగులు తామే నడుపుకొను సంఘము పేరు టె టోవా మటోవా. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికలో కిరిబాటి 2013లో చేరినది. కాని కాగితముపైని హక్కు దీవిదీవికి చేరుటకు పడవ కావలెను, మనుష్యులు కావలెను. జనము స్వల్పమైనచోట చందాలతోడనే సంఘము నిలువజాలదు. వెలుపలి సహాయము తప్పదు.

చిక్కు అచ్చటనే కలదు. తారురోడ్లకై చేసిన చక్రాల కుర్చీని పంపి దాత తృప్తి చెందును; ఇసుకలో అది కదలదు. పడవ ఖర్చు, సంజ్ఞాభాష తెలిసినవాని జీతము దాత పేరు చెక్కుటకు వీలులేనివి. సంఘమునకు ఆధారమైనవి మాత్రము అట్టివే.

ధనమిచ్చినవాడు లెక్క అడుగరాదా యని కొందరందురు. అడుగవచ్చును, లెక్క చెప్పుట సంఘమునకును గౌరవమే. కాని లెక్క అడుగుట వేరు, నిర్ణయమును లాగుకొనుట వేరు. నడువలేనివానికి చేయూత నిచ్చువాడు అతడు పోదలచిన దిక్కునకే తోడు పోవలెను. తన దిక్కునకు ఈడ్చినచో అది సేవ కాదు, పెత్తనము.