గొడుగు కింద నుంచి గుర్తుపట్టిన నేల

అంగారకుడి మీద జీపీఎస్ లేదు. భూమిని అడుగుదామంటే, 2021 ఫిబ్రవరి 18న అక్కడి రేడియో మాట ఇక్కడికి రావడానికే సుమారు 11 నిమిషాలు. దిగడం మొత్తం ఏడే నిమిషాల పని! ఇక తానెక్కడున్నదీ ఎవరిని అడుగుతుంది పర్సెవరెన్స్ రోవర్? పారాచూట్‌కు వేలాడుతూ, వేడి కవచం ఊడిపోయాక, నేలనే అడిగింది.

నేలకు నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఒక నలుపు తెలుపు కెమెరా కన్ను తెరిచింది. తానెక్కడున్నదీ కిలోమీటర్ల తేడాతో తప్ప అప్పటికి రోవర్‌కు తెలియదు. కంప్యూటర్‌లో మాత్రం మార్స్ రికానిసెన్స్ ఆర్బిటర్ చిత్రాలతో కూర్చిన పటం ఉంది. ముందు కొన్ని పెద్ద గుర్తులు పోల్చి ఇంచుమించు చోటు పట్టుకోవాలి. ఆపైన చిన్న గుర్తులు ఎన్నో పోల్చి ఆ చోటును బిగించాలి. పది సెకన్లలో, 40 మీటర్ల లోపు తేడాతో తేల్చాలన్నది షరతు.

నేల ఒకటే అయినా పటంలో బొమ్మా, కెమెరా బొమ్మా ఒకటి కావు. పొద్దు వాలితే గుంట అంచు కనబడే తీరే మారిపోతుంది. అయితే చూడండి, ఆర్బిటర్ ఆ నేల మీదుగా పోయేది అక్కడి మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. రోవర్ దిగిందీ అక్కడి నాలుగు కావస్తుండగానే. పద్యంలో యతి కుదిరినట్టు నీడకు నీడ కుదిరింది!

నీడలు కుదిరినా మోసం తప్పదు; ఒక ఇసుక దిబ్బ ఇంకోదానిలాగే ఉంటుంది. మిగతా గుర్తులతో పొసగని పోలికను పక్కన పెట్టేయగల నేర్పు ఈ వ్యవస్థకు ఇచ్చారు. పోల్చడం కంటే ఆ కాదనడమే నాకు గొప్పగా తోస్తుంది. ఆ వ్యవస్థను పరీక్షించిన తీరుకైతే చేతులెత్తి దండం పెట్టాలి. హెలికాప్టర్‌కు కట్టి మొజావే ఎడారి మీద, డెత్ వ్యాలీ మీద తిప్పారు. అది చెప్పిన జవాబును సరిచూడడానికి అక్కడ జీపీఎస్ ఉంది. సరిచూసేవాళ్లు ఉన్నచోట నిగ్గు తేల్చి, ఎవరూ లేనిచోటికి పంపారు.

2012లో క్యూరియాసిటీ రోవర్‌కు 20 కిలోమీటర్ల పొడవు, 7 కిలోమీటర్ల వెడల్పున దిగే మైదానం చూడాల్సి వచ్చింది. పర్సెవరెన్స్ దిగాల్సిన జెజెరో బిలంలోనో గట్లూ, బండలూ, ఇసుకా. అంత ఖాళీ చోటు ఎక్కడిది? అక్కడి పాత నది డెల్టా మీద మనసుపడ్డ శాస్త్రవేత్తలు ఒకప్పుడు ప్రమాదమని ఆ బిలాన్ని వదులుకున్నారు కూడా. ఈసారి రోవర్ తానెంచుకున్న చోటికి దాదాపు ఐదు మీటర్ల దూరంలో వాలింది. మరుసటి ఏడాదే ఆ డెల్టా రాళ్లను తొలిచి నమూనాలు తీసింది.