గలీజు ఎవరిది?

రెండేళ్ళ పిల్లకు ఉచ్చ ఎక్కడ పొయ్యాలో నేర్పడం కూడా అస్తిత్వ సమస్యేనా అని మీరు నవ్వొచ్చు. మేమూ నవ్వేవాళ్ళమే. కాని మా బిడ్డ వీపు మీద మా చెయ్యి పడ్డ రోజు నుంచి ఆ నవ్వు పోయింది. ఆ దెబ్బ పిల్ల చేసిన తప్పుకు పడింది కాదు. ఎప్పుడో ఎవరో మమ్మల్ని అన్న మాటకు పడింది. అందుకే దీన్ని ఇంటి ముచ్చట అని వదిలెయ్యకుండా ఇక్కడ రాస్తున్నాం.

2013లో మేం హనుమకొండలో ఇల్లు వెతికాం. పత్రికలో ఉద్యోగం, చదువుకున్న మొగుడూ పెళ్ళాం, చంకన పిల్ల. టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే ముందు మంచినీళ్ళిచ్చేవాళ్ళు. పేర్లు చెప్పినంక 'నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చినం' అనేవాళ్ళు. నాలుగు గుమ్మాల దగ్గర ఇదే తంతు. ఒకచోట మాత్రం మనసులో మాట బయటపెట్టారు: 'మీవాళ్ళు గలీజు చేస్తరు.' ఐదో ఇల్లు దొరికింది. ఇంటామె పేర్లడిగింది, అడ్వాన్సు తీసుకుంది, తాళంచెవి చేతిలో పెట్టింది. మాకే నమ్మకం కుదరలేదు. బియ్యం కంటే ముందు ఫినాయిలు కొన్నాం.

అంతకు ముందు యేడాదిన్నర మా ఇంట్లో పిల్లకు సంబంధించి గలీజు అనే మాటే లేదు. నానీ దగ్గర పెరిగింది. నానీ తన ఓఢ్నీని భుజం మీదుగా నడుముకు తిప్పి ముడేసి, పిల్లను చంకన కట్టుకునేది. రెండు కాళ్ళూ నడుముకు చెరోపక్క, మోకాళ్ళు పిరుదుల కంటే కొంచెం పైకి, ముక్కుకు బట్ట అడ్డం రాకుండా, ముఖం ఎప్పుడూ కళ్ళముందు ఉండేటట్టు. అట్లా కట్టుకొనే బియ్యం ఏరేది, బట్టలు ఆరేసేది. పసిపిల్లల తుంటి కీళ్ళకు ఈ తీరు మంచిదని డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నారు. రోజూ మామూలు కంటే ఎక్కువసేపు ఎత్తుకున్న ఆరువారాల పిల్లలు 43 శాతం తక్కువ ఏడ్చారని 1986లో కెనడాలో ఒక పరిశోధన తేల్చింది. నానీకి ఆ లెక్కలు తెలియవు. బిడ్డను వీపున కట్టుకుని కంకర మోసే కూలితల్లికీ తెలియవు. చేతులు ఖాళీ కావాలి, పిల్ల ఏడవగూడదు. అంతే వాళ్ళ శాస్త్రం.

ఒంటికి కట్టుకున్న పిల్ల ఉచ్చ పోసేముందు కొంచెం మెలికలు తిరుగుతుంది, ఒక్క క్షణం కదలకుండా ఆగుతుంది. నానీకి ఆ సంగతి ముందే తెలిసిపోయేది. ముడి విప్పి, కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను తన పాదాల మీద కూర్చోబెట్టి 'ష్... ష్' అనేది. ఒక్కోసారి ఆలస్యమై ఓఢ్నీ తడిసేది. కడుక్కుని, నమాజుకు ఇంకొకటి వేసుకునేది. పిల్లను ఒక్క మాట అనేది కాదు. పిల్ల మా ఒంటి మీద ఉన్నంత కాలం ఆ తడి మాదే. కిందికి దించి, ఇంకొకరి నేల మీద నడవనిచ్చిన నాడే అది గలీజయింది.

కొత్త ఇంట్లో నానీ లేదు. ఆమె స్థానంలో భయం ఉంది. అరగంటకోసారి పిల్లను బాత్రూముకు ఎత్తుకుపోయేవాళ్ళం. చడ్డీ తడిస్తే 'ఛీ' అనేవాళ్ళం. అసలు మా ఇళ్ళల్లో పసిపిల్లల దొడ్డికి పేరే 'ఛీఛీ'. తన ఒంట్లోంచి వచ్చినదానికి పిల్ల నేర్చుకునే మొదటి పేరే ఒక తిట్టు.

ఆ యేడు బతుకమ్మ రోజుల్లో ఇంటామె పిల్లను ముద్దుచేసి ఎత్తుకుంది. పట్టుచీర మీద పిల్ల ఉచ్చ పోసింది. మా చెయ్యి లేచింది. మాలో ఎవరి చెయ్యి అని అడగకండి, ఆ రోజు ఇద్దరిదీ అదే చెయ్యి. ఇంటామె చీర కొంగు పిండుకుంటూ బిత్తరపోయి మావైపు చూసింది. 'పసిపిల్లను ఎందుకు కొడ్తిరి? పిల్లలన్నంక పొయ్యరా? నా పిల్లలు పొయ్యలేదా?' అంది.

ఆమె మంచిది. ఆమె మంచిది అయినంత మాత్రాన మమ్మల్ని తిప్పి పంపిన నాలుగు గుమ్మాలు అబద్ధమైపోవు. కాని ఆ నాలుగు గుమ్మాల లెక్క మేం ఎవరితో తేల్చుకున్నాం? రెండేళ్ళ పిల్లతో.

ఆ తర్వాత పిల్ల బీరువా వెనక దాక్కుని దొడ్డికి బిగబట్టడం మొదలుపెట్టింది. నాలుగు రోజులకోసారి, ఏడుపుతో. డాక్టరు మమ్మల్నే మందలించాడు. బిగబడితే గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పికి భయపడి మళ్ళీ బిగబడుతుంది, ఈ చక్రం కొట్టడం వల్ల తెగదు అన్నాడు. మెత్తబడే మందు రాశాడు. నేర్పడం కొన్నాళ్ళు పూర్తిగా ఆపమన్నాడు. చాలామంది పిల్లలకు యేడాదిన్నర నుంచి మూడేళ్ళ మధ్య పట్టు వస్తుంది, పగలు ముందు, రాత్రి చాలా తర్వాత, ఐదేళ్ళ దాకా పక్క తడపడం రోగం కాదు అన్నాడు. రెండు గంటలు పొడిగా ఉండగలిగి, తానే చెప్పి, చడ్డీ తాను దించుకోగలిగిన రోజు మొదలుపెట్టమన్నాడు.

మాటల గురించి రాత్రంతా డెస్కు మీద కూర్చుని ఆలోచించే ఉద్యోగం మాది. కాబట్టి ఈ మాట గురించీ ఆలోచించాం. గలీజు అనేది మా మాట. ఉర్దూలోంచి తెలంగాణ తెలుగులోకి వచ్చింది. దాని ఎదురుమాట సాఫ్ కూడా అట్లా వచ్చిందే. ఇల్లు సాఫ్ చెయ్యమని ఊరంతా మా మాటతోనే చెబుతుంది. అదే ఊరు మమ్మల్ని దూరం పెట్టడానికీ మా మాటనే వాడుతుంది.

అయితే ఇందులో మా చేతులూ కడిగిన ముత్యాలేమీ కావు. 2013 సెప్టెంబరులో పార్లమెంటు మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ రెండో చట్టం చేసింది. మొదటిది 1993లోనే వచ్చింది. ఆ వార్తకు శీర్షిక పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఇంటికొచ్చి పిల్లతో 'ఛీ' అన్నదీ మేమే. ఫార్సీలో మెహతర్ అంటే పెద్దవాడు. మా ఇళ్ళల్లో ఆ మాట పాయఖానా ఎత్తే మనిషికి పెట్టి, అతను తాగే గ్లాసు వేరే పెట్టాం. రెండేళ్ళప్పుడు దొడ్డి మీద నేర్చుకున్న ఛీ, పదేళ్ళప్పుడు దాన్ని ఎత్తే మనిషి మీదికి పోతుంది. ఇరవై ఏళ్ళప్పుడు ఇంకెవరి మీదికైనా పోతుంది. మా మీదికి వచ్చినప్పుడే మాకు నొప్పి తెలిసింది.

'తహారత్ సగం ఈమాన్ అన్నారు కదా, పిల్లలకు శుభ్రం నేర్పొద్దా?' అని మావాళ్ళు అడుగుతారు. నేర్పాలి. కాని ఆ మాట చెప్పిన ప్రవక్త (స) ఎట్లా నేర్పారో కూడా చూడాలి. మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేశారు. సజ్దాకు పోయేటప్పుడు దించారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకున్నారు. ఒళ్ళో పసివాడు ఉచ్చ పోస్తే నీళ్ళు తెప్పించి పోశారు. ఎడారి నుంచి వచ్చిన ఒకతను మసీదులోనే ఉచ్చ పోస్తుంటే జనం మీదికి ఉరికారు. అతన్ని ఆపొద్దని, తర్వాత ఆ చోట నీళ్ళు పొయ్యమని చెప్పారు. తడికి నీళ్ళున్నాయి. అవమానానికి ఏం పోసి కడగాలి?

ఇంకొక ప్రశ్న మాలోంచే వచ్చింది. మేం పిల్లను తోమి తోమి పెంచకపోతే రేపు బడిలో ఆ మాట పిల్లే పడదా? ముందే కాపాడుకోవడం తప్పా? ఈ ప్రశ్న మాది ఒక్కరిదే కాదు. తెల్లవారకముందే లేచి పిల్లకు నూనె రాసి, జడలేసి, ఇస్త్రీ గౌను తొడిగి బడికి పంపే మాదిగవాడ తల్లికీ ఇదే భయం. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు మాకు లేదు. మాకు మేం పెట్టుకున్న గీటురాయి ఒక్కటే. చడ్డీ తడిసినప్పుడు మేం మొదట ఎవరి ముఖం చూస్తున్నాం? పిల్ల ముఖమా, చూసేవాళ్ళ ముఖమా? పిల్ల ముఖం చూస్తే అది తహారత్. చూసేవాళ్ళ ముఖం చూస్తే అది గులామీ.

నానీని పిలిపించాం. జరిగింది విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'బచ్చీ హై, హోతే హోతే సీఖ్‌తీ' అంది. చిన్నపిల్ల, మెల్లమెల్లగా నేర్చుకుంటది అని. బజారుకు పోయి చేతిలో పట్టేంత చిన్న లోటా కొనుక్కొచ్చింది. నెలరోజులు పిల్లకు ఆ లోటాతో నీళ్ళు పోసుకుని ఆడుకోవడమే పని. మేం కాళ్ళ కింద ఆనడానికి ఒక పీట వేశాం. 'ఛీఛీ' మాట ఇంట్లో మానుకున్నాం, మానుకోవడానికి పిల్ల కంటే మాకే ఎక్కువ కాలం పట్టింది. మూడేళ్ళు నిండకముందే ఒకరోజు తానే లోటా పట్టుకుని 'నానీ, చలో' అంది. పీట మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నానీ లాగే తనకు తాను 'ష్... ష్' అనుకుంది.

రాత్రుళ్ళు ఇంకో రెండేళ్ళు బొంత తడుస్తూనే ఉంది. పొద్దున్నే వాకిట్లో తీగ మీద, నలుగురికీ కనబడేటట్టే ఆరేసేవాళ్ళం. మమ్మల్ని గలీజు అన్నవాళ్ళకు మా జవాబు మేం చెప్పుకుంటాం, రాసుకుంటాం, అవసరమైతే కొట్లాడతాం. అది పెద్దవాళ్ళ పని. దాన్ని పసిపిల్ల చడ్డీకి అప్పజెప్పం.