మనల్ని ఎరగని మనిషి కోసం

2020 సెప్టెంబర్ 25. బాలుగారు పోయారని టీవీలో స్క్రోలింగ్ చూసి వెక్కివెక్కి ఏడ్చాను. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని అప్పుడు నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉన్నాను. అమ్మ మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి, "ఆయనకి నువ్వెవరో తెలుసంటావా?" అంది. ఎగతాళిగా కాదు, మామూలుగానే.

ఆ మాట గుచ్చుకోవడానికి వేరే కారణం ఉంది. దానికి రెండు నెలల ముందే ఎదురింటి పెద్దమ్మ కరోనాతో పోయింది. వీధి వాట్సాప్ గ్రూపులో దణ్ణం బొమ్మ పెట్టి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కన్ను తడవలేదు.

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు మా వీధిలో కేబుల్ ఉన్నది పెద్దమ్మ ఇంట్లోనే. పిల్లలమంతా ఆ చాప మీదే. తప్పు పాడిన పిల్లని బాలుగారు చిన్నబుచ్చకుండా ఎలా సరిచేసేవారో అక్కడే చూశాను. పెద్దమ్మ వేయించిన వేరుశనక్కాయలు పంచుతూ చూసేది.

టీవీలో కనిపించేవాళ్లతో మనకేర్పడే ఈ ఒకవైపు చుట్టరికం గురించి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ 1956లోనే రాశారు. ఒకవైపుదే అయినంత మాత్రాన అబద్ధమని నేననుకోను. తప్పు పట్టేటప్పుడు గొంతు తగ్గించడం నేను నేర్చుకున్నది బాలుగారి దగ్గరే. త్యాగరాజుని మాత్రం ఎవరు చూశారు? మనల్ని ఎరగనివాళ్లు కూడా మనల్ని తయారు చేస్తారు.

కాకపోతే ఆ ప్రేమకి ఖర్చు లేదు. టీవీలో మనిషి మందుబిళ్లలు తెచ్చిపెట్టమనడు. చెప్పిన కథే మళ్లీ చెబుతున్నాడనిపిస్తే ఛానెల్ మార్చేయొచ్చు. పెద్దమ్మ ఆఖరి రోజుల్లో, "ఈ ఫోన్లో పాటలు రావట్లేదు, కాస్త చూసిపెట్టవా" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "రేపు పెద్దమ్మా" అన్నాను.

అందుకే అనిపిస్తుంది: బాలుగారి కోసం ఏడుపు అంత తేలిగ్గా వచ్చింది ఆయన మీద ప్రేమ ఎక్కువై కాదేమో, ఆయన దగ్గర నాకు తప్పు లేక. పెద్దమ్మ కోసం ఏడవాలంటే ముందు ఆ మూడు 'రేపు'లు దాటుకుని రావాలి. దుఃఖం ఎంత నిజమైనదో కన్నీళ్లని బట్టి కొలిస్తే, మనం బాకీపడ్డవాళ్లే ఎప్పుడూ ఓడిపోతారు.

ఆ రోజు ఏడ్చినదాంట్లో కొంత పెద్దమ్మదే అని సర్దిచెప్పుకోవచ్చు. చాప ఒకటే కదా. కానీ అది నాకు అనుకూలమైన మాట, అందుకే నమ్మకం కుదరట్లేదు.

ఎదురింట్లో ఇప్పుడు పెదనాన్న ఒక్కడే ఉంటున్నాడు. ఊరెళ్లినప్పుడల్లా ఓ పూట అక్కడ కూర్చుంటున్నాను. ఆయనకి వినికిడి తగ్గింది, టీవీ గట్టిగా మోగుతుంటుంది. చెప్పిన కథే మళ్లీ చెబుతాడు. బాకీ తీరుతోందని అనుకోవట్లేదు. రిమోట్ మాత్రం ఆయన చేతిలోనే ఉంచుతున్నాను.