సామాన్యజ్ఞానం యెవరి సొత్తు?

జ్ఞానాన్ని సంపాదించిన మనుషులకి, దాన్ని అనుభవించే మనం యేమైనా రుణపడి వుంటామా? వుంటే ఆ రుణం యెట్లా తీరుతుంది? యీ ప్రశ్నని తత్వశాస్త్ర పరిభాషతో చర్చించే శక్తి నాకు లేదు. పరీక్షకాగితాలు దిద్దుతూ నేను చేసిన వొక పొరపాటువల్ల యిది నాకు యెదురైంది గనక అక్కడినుంచే మొదలు పెడతాను.

మా కాలేజీలో విద్యార్థులకు సామాన్యజ్ఞానంలో పోటీ పెట్టారు. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, భాష, ప్రకృతి అన్నిటినుంచీ నూరు ప్రశ్నలు. వొక్కొక్కదానికి వొక్క మాటలో సమాధానం. తెలుగు చెప్పేవాడికి తీరిక వుంటుందనుకున్నారో యేమో, దిద్దే పని నాకు అప్పగించారు. "మశూచికి టీకా కనిపెట్టినది యెవరు?" అన్న ప్రశ్నకి దాదాపు అందరూ జెన్నర్ అని రాశారు. వొక విద్యార్థిని మాత్రం "పాలు పితికే ఆడవాళ్ళు" అని రాసింది. నేను సున్నా వేశాను. నవ్వుకున్నానని కూడా వొప్పుకోవాలి. ఆ అమ్మాయి నా గదికి వచ్చి, "అది తప్పెట్లా అవుతుంది మాస్టారూ? ఆయన కంటే ముందే వాళ్ళకి తెలుసుకదా?" అని అడిగింది. "తెలిసి వుండటం వేరు, కనిపెట్టటం వేరు" అన్నాను. "వేరెట్లాగండీ?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. నేను అంత ధీమాగా వాడిన రెండు మాటల్లో దేని అర్థమూ నేను ఆలోచించి వుండలేదు.

తర్వాత నేను తెలుసుకున్నది క్లుప్తంగా చెబుతాను.

ఆవు పొదుగుమీద వచ్చే పొక్కులు పితికేవాళ్ళ చేతులకు అంటుకుంటే, వాళ్ళకి మశూచి రాదన్న సంగతి ఇంగ్లండు పల్లెల్లో జెన్నర్ కంటే ముందే వాడుకలో వుంది. జెస్టీ అనే డార్సెట్ రైతు 1774లో ఆ పొక్కుల రసిని తన భార్యకీ యిద్దరు కొడుకులకీ తానే యెక్కించాడు. యిరుగుపొరుగువాళ్ళు ఆయన్ని అసహ్యించుకున్నారు. జెన్నర్ తన ప్రసిద్ధ ప్రయోగం చేసింది 1796లో, యిరవై రెండేళ్ళ తర్వాత. సారా నెల్మ్స్ అనే పాలుపితికే పడుచు చేతి పొక్కునుంచి రసి తీసి, జేమ్స్ ఫిప్స్ అనే యెనిమిదేళ్ళ పిల్లవాడికి యెక్కించాడు. ఆరువారాల తర్వాత నిజమైన మశూచి రసి యెక్కించాడు. జబ్బు రాలేదు. ఆ పిల్లవాడు తోటమాలి కొడుకు. ఆ రెండో గాటు పెట్టినప్పుడు జబ్బు వచ్చివుంటే యెవరిమీదికి వచ్చేదో వేరే చెప్పనక్కరలేదు.

యింకా వెనక్కి వెళితే మశూచి రసినే కొద్దిగా యెక్కించి, తేలికగా జబ్బు తెప్పించి, పెద్ద జబ్బు రాకుండా చేసే పద్ధతి వుంది. ఆఫ్రికాలో, ఆసియాలో యిది చాలాకాలంగా వున్నదే. బాస్టన్ నగరంలో కాటన్ మాథర్ అనే మతబోధకుడికి 1706లో ఆయన భక్తులు వొక ఆఫ్రికన్ బానిసను బహుమానంగా కొనియిచ్చారు. యజమాని అతనికి ఒనేసిమస్ అని పేరు పెట్టాడు. నీకు మశూచి వచ్చిందా అని అడిగితే అతను తన చేతిమీది మచ్చ చూపించి, తన దేశంలో చేసే పద్ధతి వివరించాడు. మాథర్ ఆ సంగతిని 1716లో లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. 1721లో బాస్టన్లో మశూచి చెలరేగినప్పుడు బాయిల్‌స్టన్ అనే వైద్యుడు సుమారు 240 మందికి యీ పద్ధతి అమలు జరిపాడు, ఆరుగురు చనిపోయారు. మామూలుగా జబ్బు వచ్చిన 5,889 మందిలో చనిపోయినవారు 844 మంది. అయినప్పటికీ వూళ్ళో పట్టా పుచ్చుకున్న వైద్యుడే దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. బానిసల మాట నమ్మి వైద్యం చేస్తారా అన్నది ఆనాటి ఆక్షేపణల్లో వొకటి. మాథర్ యింట్లోకి బాంబు కూడా విసిరారు.

అదే 1721లో లండన్లో యీ పద్ధతిని పరీక్షించారు. దీని సంగతి లేడీ మేరీ మాంటేగ్ కాన్‌స్టాంటినోపిల్‌లో తెలుసుకున్నది. అక్కడ యీ పని చేసేది ముసలమ్మలు. లండన్లో పరీక్ష యెవరిమీద జరిగింది? మొదట న్యూగేట్ జైలులో వురిశిక్ష పడ్డ ఆరుగురు ఖైదీల మీద, తర్వాత అనాథపిల్లల మీద. ఆ తర్వాతే రాజకుటుంబపు బిడ్డలకు వేశారు.

మన దేశం సంగతి మన నోట్లోనే వుంది. సాహిత్యవిద్యార్థికి టీకా అంటే గ్రంథానికి రాసిన వ్యాఖ్య. మశూచి టీకాకి ఆ అర్థంతో పనిలేదు. వుత్తరాదిని టీకా అంటే బొట్టు, గుర్తు. చర్మంమీద గాటు పెట్టి రసి యెక్కించే వృత్తివాళ్ళని బెంగాల్లో టీకాదారులనేవారు. వాళ్ళు చేసే పని 1767లో హాల్వెల్ లండన్ వైద్యులకి వివరించాడు. జెన్నర్ మందు 1802లో బొంబాయి చేరింది. కొత్త మందు వచ్చి పాత పనిపేరు పెట్టుకున్నది. ఇంగ్లీషువారి 'వాక్సిన్' అన్న మాటకి లాటిన్‌లో ఆవు అని అర్థం చెప్పే మాట మూలం. ఇంగ్లీషు మాటలో ఆవు మిగిలింది, మన మాటలో గాటుగుర్తు మిగిలింది. పితికిన మనిషిగాని, గాటు పెట్టిన మనిషిగాని యే మాటలోనూ మిగలలేదు.

యింతవరకూ చూస్తే ఆ అమ్మాయి రాసిందే ఒప్పనీ, జెన్నర్ పరుల జ్ఞానాన్ని దొంగిలించాడనీ తీర్మానించాలనిపిస్తుంది. మనలో చాలామంది అక్కడే ఆగుతారు. నేను ఆగలేను. అభ్యుదయవాదులం గనక సామాన్యుడు చెప్పిందల్లా జ్ఞానమనే భ్రమలో మనం పడకూడదు. మశూచిని అమ్మవారి ఆగ్రహమని నమ్మి, వేపాకు పరిచి, చల్లబరిచే మొక్కులు మొక్కిందీ ఆ సామాన్యులే. ఆవుపొక్కుల సంగతి విని జెస్టీని అసహ్యించుకున్నదీ పల్లెజనమే. జనంలో తిరిగే నమ్మకాల్లో నిజమూ అబద్ధమూ కలిసే వుంటాయి. రెంటినీ విడదీసే పద్ధతి కావాలి. జెన్నర్ చేసింది అదీ: ఆవుపొక్కుల రసి మనిషినుంచి మనిషికి యెక్కించవచ్చని చూశాడు, ఫలితం పరీక్షించాడు, 1798లో అచ్చువేసి యెవరైనా చేసి చూడటానికి వీలుగా బయటపెట్టాడు. ఆయనకి ముందు ఇంగ్లండులో సటన్ కుటుంబంవారు పాత పద్ధతిలో మశూచి గాట్లు పెడుతూ తమ పద్ధతి రహస్యంగా వుంచుకుని బోలెడు డబ్బు గడించారు. జెన్నర్ దాచుకోలేదు. యీ తేడా చిన్నది కాదు. అయితే జెన్నర్‌కి మాత్రం అంతా తెలుసా? వైరస్ అనేదాన్ని గురించి ఆయనకి బొత్తిగా తెలియదు. ఆ తర్వాత ప్రపంచమంతా వాడిన టీకాలోని వైరసు ఆవుపొక్కుల వైరసు కాదనీ, గుర్రాలకు వచ్చే పొక్కుల వైరసుకి దగ్గరిదనీ యిప్పుడు తేలింది.

కనక "తెలుసు" అన్నది వొక మనిషి తలలో వున్న వస్తువు కాదు. చూసినవాళ్ళు, చేసినవాళ్ళు, పరీక్షించినవాళ్ళు, వొళ్ళు అప్పగించినవాళ్ళు — వీరందరిమధ్యా జరిగిన వొక సాంఘిక కృషి అది. శారీరకశ్రమ విషయంలో యీ సంగతి గుర్తించటం మనకు అలవాటైంది. వొక కోటను చూపిస్తే, కట్టించిన రాజు పేరు కాక కట్టిన కూలీలను గురించి అడుగుతాం. కాని ఆ కూలీలకి శ్రమ వుంటుందనే అనుకుంటాం, జ్ఞానం వుంటుందనుకోం. వాళ్ళ చేతుల్ని దోచుకున్నారని వాదించే మనమే, వాళ్ళకి తెలివి వుండేదన్న విషయం మరిచిపోతాం. యిది మనలో మిగిలివున్న పండిత దురభిమానమని నా అభిప్రాయం. నేను వేసిన సున్నా దానికి సాక్ష్యం.

ప్రతిఫలం పంచిన తీరు చూడండి. ఇంగ్లండు పార్లమెంటు జెన్నర్‌కి 1802లో పదివేల పౌన్లు, 1807లో యిరవైవేల పౌన్లు యిచ్చింది. జెస్టీని 1805లో లండన్‌కి పిలిచి ఖర్చులకి 15 గినీలూ, బంగారుపిడి లాన్సెట్లూ యిచ్చి, వొక పటం రాయించారు. ఫిప్స్‌కి తర్వాత జెన్నర్ వొక చిన్న యింట్లో నివాసం కల్పించాడు. ఒనేసిమస్ 1716లో తన బదులు మరో బానిసను కొనటానికి డబ్బు చెల్లించి, అర్ధస్వాతంత్ర్యం తానే కొనుక్కున్నాడు.

అయితే అందరికీ డబ్బు పంచితే యీ రుణం తీరుతుందా? తీరదు, వాళ్ళు బతికిలేరు కూడా. యెవరినుంచి వచ్చిందో గుర్తించటం వొక భాగం. అది మళ్ళీ అందరికీ చేరేటట్టు చూడటం రెండో భాగం, అసలైనది అదే. మశూచిని ప్రపంచంనుంచి తుడిచివెయ్యాలని 1958లో ప్రతిపాదించింది సోవియట్ ప్రతినిధి జ్దానోవ్. శత్రువులైన రెండు అగ్రరాజ్యాలూ ఆ పనిలో కలిసి నడిచాయి. మన దేశంలో 1973 నుంచీ యిల్లిల్లూ తిరిగి, జబ్బుపడిన బిడ్డ బొమ్మవున్న కార్డు చూపించి, యిటువంటిది యెక్కడైనా చూశారా అని సంతల్లో, బళ్ళలో అడిగారు. చెప్పినవాళ్ళు పల్లెజనమే. కొన్నిచోట్ల వొద్దన్నవాళ్ళని పట్టుకుని బలవంతంగా టీకాలు వేసిన అన్యాయమూ జరిగింది. మంచిపని పేరుతో దాన్ని కప్పిపుచ్చకూడదు. 1975లో మన దేశంలో, 1977లో సోమాలియాలో సహజంగా వచ్చిన చివరి మశూచి కనిపించింది. 1980లో రోగం అంతరించిందని ప్రకటించారు. ఆ శతాబ్దంలోనే సుమారు 30 కోట్లమందిని చంపిన జబ్బు అది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన కళ్ళముందే జరిగింది. కోవిడ్ కాలంలో టీకాలమీద పేటెంటు హక్కులు తాత్కాలికంగా ఆపాలని భారతదేశం, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులో ప్రపంచ వాణిజ్యసంస్థలో అడిగాయి. సంపన్నదేశాలు చాలాకాలం అడ్డుపడ్డాయి. 2022 జూన్‌లో వచ్చిన తీర్మానం అడిగినదానిలో కొద్దిపాటిదే. ప్రజల డబ్బుతో, యెందరో శాస్త్రజ్ఞుల వెనకటి కృషితో, వేలమంది వొళ్ళు అప్పగించిన పరీక్షలతో తయారైన జ్ఞానం కొద్దిమంది సొత్తు అయింది. వొక్క మాట జవాబుకి అలవాటుపడిన చదువు దీన్ని ప్రశ్నించలేదు. జ్ఞానం వొకడి తలలో పుట్టిందని నమ్మినవాడు, అది వొకడి పెట్టెలో వుండటమూ న్యాయమే అనుకుంటాడు.

సామాన్యజ్ఞానాన్ని మరోరకంగా అర్థం చేసుకున్నవాళ్ళు లేకపోలేదు. కత్తులు చేసేవాడి కొడుకైన డిదెరో, 1751లో మొదలైన తన విజ్ఞానసర్వస్వంలో తత్వంతోపాటు చేతివృత్తులకీ చోటిచ్చి, పనిచేసేవాళ్ళని అడిగి రాయించాడు. రాజూ చర్చీ కూడా దాన్ని నిషేధించారు. మన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాల ప్రారంభించి, తెలుగు తప్ప రానివారికి చరిత్రా శాస్త్రమూ అందించాలని పూనుకున్నారు. తలపెట్టిన విజ్ఞానసర్వస్వం పూర్తికాకుండానే 1923లో పోయారు. వీరి దృష్టిలో సామాన్యమంటే అందరిదీ అని అర్థం. మన పోటీపరీక్షల్లో సామాన్యమంటే పైపైది అని అర్థమైపోయింది.

ఆ అమ్మాయికి మార్కు వేశాను. జెన్నర్ అని రాసినవాళ్ళకి తీసెయ్యలేదు. అయితే రెండు జవాబులూ సగమే. అసలు తప్పు ప్రశ్నలో వుంది. "యెవరు?" అని వొక్కటే అడగటం మాని, "యెవరికి యేం తెలుసు, యెట్లా తెలిసింది, తెలిసింది చివరికి యెవరికి చేరింది?" అని అడగటం నేర్చుకోవాలి. దిద్దటం కష్టమవుతుందని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. అవుతుంది. విద్యార్థులకి వుద్యోగపరీక్షలో వొక్క మాటే కావాలనీ అంటున్నారు. నిజమే, ఆ మాట చెప్పటం మనం మానలేం. కాని దానితో ఆగిపోతే, వాళ్ళకి చదువు చెప్పామని మనం అనుకోవటానికి హక్కు లేదు.