ఆనుకూల్య సంకల్పము – కూరేశుల ఆదర్శము

శరణాగతికి ఆరు అంగములు కలవని పూర్వాచార్యులు బోధించిరి. ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము, మహావిశ్వాసము, గోప్తృత్వ వరణము, ఆత్మనిక్షేపము, కార్పణ్యము అనునవి ఆ ఆరు. భగవంతునకు ప్రియమైన దానినే చేయుదునని నిశ్చయించుకొనుట మొదటిది. ఆయనకు అప్రియమైన దానిని విడిచిపెట్టుట రెండవది. ఈ రెండింటిని వల్లించుట సులభము; ఇతరులకు వివరించుటయు సులభమే. కాని తాను నిజముగా దేనిని ప్రియమైనదిగా ఎంచుచున్నాడో, ఎంచిన దానికి తన నడత సరిపోవుచున్నదో లేదో తెలిసికొనుట మిక్కిలి కష్టము.

ఎవరిని అడిగినను ధనము కంటె ధర్మమే గొప్పదని చెప్పుదురు. సత్యము, దయ, భక్తి ఉత్తమములని ఒప్పుకొనని వారు లేరు. నాలుక చెప్పు మాట అందరిదియు ఒక్కటే. అయితే అంగడిలో తక్కెడ పట్టినపుడు, పొలము గట్టున హద్దురాయి పాతునపుడు, పెండ్లి మాటలలో కట్నకానుకల ప్రసక్తి వచ్చినపుడు ఆ మాట నిలుచునో జారునో తేలిపోవును. మానవుడు దేనిని పొగడుచున్నాడో దానినిబట్టి వాని హృదయము తెలియదు. దేనికొరకు దేనిని విడిచిపెట్టగలుగుచున్నాడో దానినిబట్టియే తెలియును. మనోవాక్కాయములు మూడును ఒకే త్రోవను నడచుటను పెద్దలు త్రికరణశుద్ధి యనిరి.

ఈ త్రికరణశుద్ధికి శ్రీవైష్ణవ సంప్రదాయములో కూరేశుల చరిత్రను మించిన ఉదాహరణము అరుదు. కూరత్తాళ్వాన్ అనియు, శ్రీవత్సాంకమిశ్రులనియు పేరుగన్న ఈ మహనీయులు భగవద్రామానుజుల ప్రధాన శిష్యులు. శ్రీవైకుంఠస్తవము, అతిమానుషస్తవము, సుందరబాహుస్తవము, వరదరాజస్తవము, శ్రీస్తవము అను పంచస్తవములను లోకమునకు అనుగ్రహించిన వారు. వారి జీవితములో సంపద, నేత్రములు, చివరకు దైవదర్శన భాగ్యము కూడ ఒకదాని వెంట ఒకటి పరీక్షకు వచ్చినవి. ప్రతి పరీక్షలోను వారి నిష్ఠ మరింత తేటపడినదే గాని మసకబారలేదు.

కాంచీపురమునకు సమీపమున కూరము అను గ్రామము కలదు. అచట కూరేశులు మహాసంపన్నులై, దినమెల్ల అన్నదానము చేయుచుండెడివారు. రాత్రి పొద్దుపోయిన పిమ్మట వారి భవనపు పెద్ద తలుపులు మూసెడివారు. ఒకనాడు ఆ తలుపుల సవ్వడి కాంచీపురము దాక వినవచ్చెననియు, పెరుందేవి తాయారు ఆ చప్పుడేమని విచారించెననియు గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. ఈ సంగతి చెవినబడగానే కూరేశులు సంతోషింపలేదు, సిగ్గుపడిరి. దానము చేయుచున్న చేతికంటె దానము చేసిన యింటి తలుపే పెద్దగా మ్రోగుచున్నదని వారికి తోచినది. తమ ఐశ్వర్యమునంతయు పంచిపెట్టి, ధర్మపత్నియైన ఆండాళమ్మతో కూడి ఆచార్యుల సన్నిధిని కోరి శ్రీరంగమునకు కాలినడకన బయలుదేరిరి.

అక్కడితో త్యాగము ముగిసినదని తలచుట సహజము. కాని అసలు పాఠము దారిలో కలదు. అడవిత్రోవను నడచుచుండగా ఆండాళమ్మ, ఇచట దొంగల భయమేమైన కలదా యని భర్త నడిగినది. ధనము దాచుకొన్న వారికే గదా భయము, నీయొద్ద ఏమైన కలదా యని కూరేశులు ప్రశ్నించిరి. స్వామి మంచినీరు త్రాగుటకు పనికివచ్చునని ఒక బంగరు గిన్నెను వెంట తెచ్చితినని ఆమె చెప్పినది. కూరేశులు ఆ గిన్నెను తీసికొని దూరముగా విసరివైచిరి. పిదప భయము లేక ఇరువురును ముందుకు సాగిరి.

ఈ చిన్న కథలో సాధకుడు గమనింపవలసినది చాల ఉన్నది. ఆ సాధ్వి గిన్నెను లోభముతో తేలేదు. పతిసేవ కొరకు ప్రేమతో తెచ్చినది. మానవుని పట్టి నిలుపునది ఎల్లప్పుడును దుర్గుణమే కానక్కరలేదు. చాలసార్లు దానికొక మంచిపేరు ఉండును. పిల్లల భవిష్యత్తు అనుచు ఒకడు లంచము పుచ్చుకొనును. ఇంటి పరువు అనుచు మరియొకడు అప్పు చేసి ఆడంబరముగా పెండ్లి చేయును. లోకమర్యాద అనుచు ఇంకొకడు అన్యాయము జరుగుచోట నోరు మెదపక కూర్చుండును. భవనమును విడిచి వచ్చినవాని మూటలో సైతము ఒక బంగరు గిన్నె మిగిలియుండుట కలదు.

ఆ గిన్నె ఎక్కడ ఉన్నదో కనుగొనుటకు ఆండాళమ్మ ప్రశ్నయే సాధనము. భయము ఎచట పుట్టుచున్నదో అచటనే మనస్సు దాచుకొన్న వస్తువు ఉండును. అయితే గృహస్థుడు తన సంసారమునకు నాలుగు రూపాయలు దాచుకొనుట దోషమని దీని భావము కాదు. దేనిని కాపాడుకొనుటకై తన మాటను తప్పుటకు, తన ధర్మమును విడుచుటకు సిద్ధపడునో అదియే వాని బంగరు గిన్నె. అది ధనము కావచ్చును, పదవి కావచ్చును, నలుగురు తనను మంచివాడనుట కూడ కావచ్చును.

శ్రీరంగము చేరిన కూరేశులు ఉంఛవృత్తితో జీవించుచు శ్రీభాష్య రచనలో ఆచార్యులకు సహాయకులైరి. రామానుజులు చెప్పుచుండగా వీరు తాళపత్రములపై వ్రాయుచుండెడివారు. తాము చెప్పినది శాస్త్రసమ్మతముగా తోచనియెడల గంటమును ఆపవలెనని ఆచార్యులే ముందుగా ఆజ్ఞాపించియుండిరి. ఒకనాడు జీవుని స్వరూపమును గూర్చి చెప్పుచు, జ్ఞాతృత్వమే, అనగా తెలిసికొనువాడగుటయే, వాని లక్షణమన్నట్లు రామానుజులు వాక్యము నడిపిరి. కూరేశుల గంటము ఆగినది. ఆచార్యులు కోపించినను అది కదలలేదు. రామానుజులు ఆలోచించి చూడగా, జీవుడు భగవంతునకు శేషభూతుడను ప్రధానాంశము ఆ వాక్యములో రాలేదని తెలిసినది. వాక్యము సవరింపబడినది. గంటము మరల నడచినది.

కూరేశులకు ఆచార్యుని కంటె ప్రియమైనది లేదు. అయినను ఆచార్యుని ముఖప్రీతి కొరకు ఆచార్యుని ఆజ్ఞను వారు మీరలేదు. గురువు కోపించిన క్షణమున గురువు బోధించిన సత్యమును పట్టుకొని మౌనముగా నిలుచుట నిజమైన గురుభక్తి. ఇంకొక విశేష మేమనగా, ఆ గంటము ఆగినచోటనే కూరేశుల జీవిత నిష్ఠకు మూలము కలదు. తాను తనకొరకు కాక భగవంతుని కొరకు ఉన్నవాడను ఎరుక శేషత్వ జ్ఞానము. తాను ఎవరివాడో తెలిసిన వానికి తనకేది తగునో, ఏది తగదో తెలియుట కష్టము కాదు. విలువలను వెదకువాడు మొదట అడుగవలసినది నాకేమి కావలెనని కాదు, నేను ఎవరివాడనని.

ఆ పిమ్మట ఘోరమైన పరీక్ష వచ్చినది. చోళరాజు రామానుజులను తన సభకు రప్పించి, వారి సిద్ధాంతమునకు విరుద్ధమైన వాక్యము క్రింద చేవ్రాలు చేయింపదలచెను. ఆచార్యులకు అపాయము కలుగునని గ్రహించిన కూరేశులు వారి కాషాయవస్త్రములను తాము ధరించి, వృద్ధులైన పెరియనంబితో కూడి రాజసభకు వెళ్లిరి. చేవ్రాలు చేయుటకు నిరాకరించిరి. అందుకు ఫలముగా ఇరువురును నేత్రములను కోల్పోయిరి. పెరియనంబి దారిలోనే పరమపదించిరి. ఇచట ఏ మతము గొప్పదను వాదము ముఖ్యము కాదు. తాను సత్యమని నమ్మని దాని క్రింద తన పేరు వ్రాయకుండుట ముఖ్యము. ఒక్క గీత గీచినచో కన్నులు నిలిచియుండెడివి. కన్నులు పోయినను ఆ గీత పడలేదు.

అంధులై శ్రీరంగమునకు తిరిగివచ్చిన కూరేశులు రంగనాథుని సేవించుటకు ఆలయమునకు వెళ్లిరి. రామానుజ సంబంధము కలవారిని లోనికి విడువరాదని రాజాజ్ఞ యుండుటచే ద్వారపాలకుడు అడ్డగించెను. అచటనున్న మరియొకడు, ఈయన సద్గుణసంపన్నుడు, ఈయనను పోనిమ్మని పలికెను. ఆ మాట విని కూరేశులు ఆగిపోయిరి. ఆచార్య సంబంధమును ప్రక్కకు నెట్టి తన గుణములను చూచి విడిచెడి ప్రవేశము తనకు వలదని వెనుదిరిగిరి. పొగడ్త రూపములో వచ్చిన ఈ బంగరు గిన్నెను కూడ వారు అక్కడనే వదలి, తిరుమాలిరుంజోలైకి వెళ్లి అచటి స్వామిని సుందరబాహుస్తవముతో కీర్తించిరి.

కాలక్రమమున ఆ రాజు గతించెను. రామానుజులు తిరిగివచ్చి శిష్యుని స్థితి చూచి కంటనీరు పెట్టుకొనిరి. కాంచీపురమునకు వెళ్లి వరదరాజస్వామిని స్తుతించి నేత్రములను వేడుకొనుమని చెప్పిరి. కూరేశులు వరదరాజస్తవముతో స్వామిని సేవించిరి. స్వామి ప్రసన్నుడై ఏమి కావలెనని అడుగగా, రాజసభలో తమకు ఈ గతి పట్టుటకు కారకుడైన నాలూరానునకు కూడ తాము పొందబోవు సద్గతినే ప్రసాదింపుమని కోరిరి. కన్నులడుగ వచ్చినవారు, తమ కన్నులు పోవుటకు కారకుడైన వానికి మేలడిగిరి. భవనమును విడుచుట కంటె, నేత్రములను విడుచుట కంటె, పగను విడుచుట కష్టము. వారి మూటలో ఆ గిన్నెయు లేదని ఆనాడు లోకమునకు తెలిసినది.

తెలుగునాట ఇట్టి నిష్ఠకు తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) సాక్షి. తిరుమల స్వామిని కీర్తించినట్లు తననును కీర్తింపుమని సాళువ నరసింహరాయలు కోరగా ఆయన అంగీకరింపలేదు. రాజు సంకెలలు వేయించినను మాట మారలేదు. హరిని పాడిన నాలుకను నరుని స్తుతికి అప్పగింపరాదని ఆయన ఎంచెను, ఎంచినట్లే నడచెను. రాజు పిదప పశ్చాత్తాపపడెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది.

ఈ మహాత్ముల చరిత్రలు విని చేతులు జోడించుటతో పని తీరదు. సామాన్య గృహస్థునకు రాజసభలు లేవు, సంకెలలు లేవు. వానికి పరీక్షలు చిన్నవిగా వచ్చును, ప్రతిదినము వచ్చును. అలిపిరి మెట్లెక్కి గోవిందనామము పలుకుచు వచ్చిన భక్తుడు, దర్శనపు వరుసలో ముందున్న వృద్ధురాలిని త్రోసి ముందుకు పోయినచో, ఆ క్షణమున వాడు ఎంచుకొన్నది గోవిందుని కాదు, తన తొందరను. ముడుపు కట్టి హుండీలో వేయు కానుక కూలివానికి ఈయవలసిన కూలినుండి మిగిల్చినదైనచో అది ఆనుకూల్యము కాదు, ప్రాతికూల్యమే. తలనీలములు సమర్పించినవానికి కొద్ది నెలలలో కేశములు మరల పెరుగును. వానితోపాటు అహంకారమును సమర్పించినాడా, దానిని ఇంటికి తీసికొనిపోయినాడా యనునది తిరుగు ప్రయాణములోనే, తోడివారితో మాటలాడు తీరులోనే తెలియును.

కావున సాధకుడు రాత్రి దీపము కడ కూర్చుండి, నామస్మరణము చేసిన పిదప, తన దినమును మూడు ప్రశ్నలతో తూచుకొనవలెను. నేడు నేను దేనిని పోగొట్టుకొందునని భయపడితిని? నమ్మని దానికి ఎక్కడైన తల ఊపితినా? ఎవరికి కీడు కలుగవలెనని మనస్సులోనైన కోరితిని? మొదటి ప్రశ్న వాని బంగరు గిన్నెను చూపును. రెండవది వాని చేవ్రాలును చూపును. మూడవది వాని పగను చూపును. జవాబులు నచ్చకపోయినను దిగులుపడ పనిలేదు. కూరేశుల వంటి వారి సహధర్మచారిణి మూటలోనే ఒక గిన్నె దొరికినపుడు, ఇతరుల మూటలలో పది దొరకుట వింత కాదు. దొరికిన దానిని మరల మూటలో కట్టుకొనక, ఒక్కొక్కటిగా విడుచుట సాధన.

అన్నియు ఒక్కనాడే విడువ శక్యము కాదు. తన బలముతో విడువగలనని తలచుటయు పొరపాటే. శరణాగతిలో కార్పణ్యమును ఒక అంగముగా పెద్దలు చేర్చినది ఇందుకే. నా శక్తి చాలదు, నీవే విడిపింపుమని వేడుకొనుట కార్పణ్యము. ఒక విలువను ఎంచుకొని, దానికి విరుద్ధమైన ఒక్క పనిని మానుకొని, మిగిలిన భారమును స్వామి పాదములయందు ఉంచినవాడు ఆనుకూల్య సంకల్పమను మొదటి మెట్టెక్కినవాడే. పై మెట్లను ఆయన కృపయే ఎక్కించును.

కూరేశుల సత్యనిష్ఠయు, ఆచార్యభక్తియు, క్షమాగుణమును తలచుకొని, భక్తులందరు తమ సంకల్పమునకు తగిన నడతను అలవరచుకొందురు గాక! మూటలో దాచిన గిన్నెలను విడుచు ధైర్యమును శ్రీనివాసుడు ప్రసాదించుగాక!