గృహక్షేమము

నా పూర్వశిష్యుడొకడు అమెరికాదేశమున నున్నాడు. మొదట న్యూయార్కు నగరమున నొక యద్దెగదిలో కొంతకాలము గడపి, యిప్పుడు ప్రక్కనున్న న్యూజెర్సీలో చిన్న యిల్లు కొనుక్కొని భార్యాబిడ్డలతో కాపురముచేయుచున్నాడు. అతడు భాద్రపదమాసమున నాకు వ్రాసిన జాబులో కుశలప్రశ్నలైన పిమ్మట మిగిలిన రెండు పుటలును ఇంటి మరమ్మతు సంగతులతోనే నిండియున్నవి. అక్కడ సెప్టెంబరు నెల వచ్చినతోడనే గృహస్థులు నిచ్చెనలు బయటికి తీయుదురట. చెట్ల యాకులు రాలి చూరు కాలువలలో నిండును గనుక వానిని చేతులతో నెత్తి పాఱవేయుదురట. తోటకు నీరిచ్చు కొళాయిలను కట్టివేసి, గొట్టములలో చుక్క మిగులకుండ నీరు వదలివేయుదురట. ఇంటిని వెచ్చపఱచు యంత్రమును పనివానిచే పరీక్ష చేయింతురట, పొగగొట్టమును తుడిపింతురట, కిటికీల సందులను మూయుదురట. "మాస్టారూ, ఎండ కాయుచుండగా మంచునకై పని చేయుట చూచి మొదట నవ్వుకొంటిని. ఒక్క శీతకాలము గడచిన తరువాత నవ్వు పోయినది" అని యాతడు వ్రాసెను.

నవ్వు పోవుటకు తగిన కారణమే యున్నది. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి సుమారు 9 వంతులు పెరుగును. ఈ స్వల్పమైన పెరుగుదల యినుపగొట్టమును చీల్చును; ఇటుకను పగులగొట్టును. కప్పుపై బడిన మంచు ఇంటి వెచ్చదనమునకు కరగి క్రిందికి జాఱి, చల్లగానుండు చూరుకడ మరల గడ్డకట్టి యానకట్టవలె నిలుచును. దాని వెనుక చేరిన నీరు పోవుటకు దారి లేక ఇంటిలోనికి దిగును. మంచు పడిన పిమ్మట నిచ్చెన యెక్కుటకు వీలులేదు. కావుననే యా పని యెండలో చేయవలసియున్నది.

మనకు మంచు లేదుగదా యని సంతోషించి యీ జాబును మడిచి పెట్టవచ్చును. కాని మన కోస్తా జిల్లాలకు మంచునకు తీసిపోని గండమొకటి యించుమించుగా ఆ మాసములయందే కలదు. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును సముద్రము ముంచెను. 1977 నవంబరు 19న దివిసీమ కొట్టుకొనిపోయెను. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలు నేలగూలెను. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణము హుద్‌హుద్ తుపాను వాతబడెను. ఇవన్నియు ఆశ్వయుజ కార్తికములలో వచ్చినవే.

మన పల్లెలలో వేసవియందు ఇల్లు నేయించుట వాడుక. పెంకు దింపి, విఱిగినవానిని ఏఱివేసి, చెదపట్టిన వాసములను మార్చి, మరల పేర్పింతురు. తాటాకిండ్లవారు రెండుమూడేండ్లకొకమాఱు క్రొత్త యాకు వేయింతురు. తొలకరికి ఇది చాలును. కాని మూడుమాసములు వాన కురిసిన పిమ్మట వేసవినాటి కప్పు వేసవినాటి కప్పుగా నుండదు. పెంకులు జాఱును, పిల్లులును కోతులును వానిని త్రొక్కును, రెండు కప్పులు కలియు మూలలలో ఆకులును మట్టియు చేరి నీటికి అడ్డుపడును, నానిన వాసమునకు చెద యెక్కును. అసలైన గాలి రావలసినది అప్పుడే. కావున భాద్రపదము వెళ్లకముందే రెండవమాఱు కప్పెక్కి చూడవలసియున్నది. చూచువారెందఱు? దసరా పండుగకు వీథిగోడకు సున్నము వేయింపనివారు అరుదు. ఆ దినములలోనే పెరటివైపు కప్పు చూపించువారును అరుదే. సున్నము దారిని బోవువారికి కనబడును. పెంకు కాకులకు మాత్రమే కనబడును.

యోగక్షేమములని సంస్కృతమున నొక జంటపదము కలదు. లేనిదానిని పొందుట యోగమనియు, పొందినదానిని కాపాడుకొనుట క్షేమమనియు గీతాభాష్యమున శంకరాచార్యులు విభజించి చెప్పిరి. మనము జాబులలో రెండింటిని గూర్చియు నడుగుదుము. ఆచరణమునందు మాత్రము యోగమునకు పీటవేసి క్షేమమును గుమ్మమువెలుపల నిలిపెదము. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని సామెత. ఇల్లు నిలిపి చూడు అన్నవారు లేరు. కట్టించినవాని పేరు గుమ్మముపై చలువఱాతి పలకమీద నుండును. ముప్పదియేండ్లు ఏటేట నిచ్చెన యెక్కి దానిని నిలిపినవాని పేరు ఎచ్చటను ఉండదు. ఆంగ్లేయులలో రస్కిన్ 1849లో ప్రకటించిన 'సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్' అను గ్రంథమున, పాతకట్టడములను పాడుకానిచ్చి పిదప పునరుద్ధరింతుమని సంబరపడువారిని గట్టిగా మందలించి, సకాలమున కాలువలోని యెండుటాకులు తీసివేసినచో కప్పును గోడలును దక్కునని వ్రాసెను. అంత గొప్ప గ్రంథమున ఎండుటాకుల ప్రసక్తి వచ్చుట నాకు మిక్కిలి నచ్చినది.

ఇది యంతయు లౌకికవివేకమే కదా, ఇందు ధర్మవిచారణకు తావెక్కడ యని చదువరులడుగవచ్చును. తన యిల్లు చూచుకొననివాడు తానే తడియును, తడిసి తెలిసికొనును. పంచతంత్రములోని మూడు చేపల కథ యీ భావముమీదనే నిలిచియున్నది. రాబోవు కీడు నెఱిగి ముందే చెఱువు విడిచిపోయినది అనాగతవిధాత. వల పడిన పిమ్మట ఉపాయముచే తప్పించుకొన్నది ప్రత్యుత్పన్నమతి. కానున్నది కాకమానదని కదలక కూర్చుండి చచ్చినది యద్భవిష్యుడు. ఇరువదియేండ్లుగా నేనీ కథను బాలురకు చెప్పుచున్నాను. ఇందలి లోపము నాకీ మధ్యనే తట్టినది. కథలో న్యాయము చక్కగా జరిగినది: ఏ చేప సోమరియో ఆ చేపయే చచ్చినది. ఇంటిలో నట్లు జరుగదు. ఇంటిలో యద్భవిష్యుడు నడిమిగదిలో పందిరిమంచముమీద నిద్రించును. కారునది పెరటి వసారా.

మా యింట జరిగినది చెప్పెదను. అప్పటికి నాకు పదుమూడేండ్లు. కోనసీమలో మాది నాలుగువైపుల వసారాలుగల పాత పెంకుటిల్లు. మా తండ్రిగారి మేనత్త చిన్ననాడే భర్తను గోల్పోయి పుట్టింటికి వచ్చి, డెబ్బదియేండ్లు దాటువఱకు ఆ యింటనే యుండెను. మేమందఱము ఆమెను మామ్మ యని పిలుచువారము. వంటయింటి ప్రక్కనున్న పెరటి వసారా ఆమె పడకచోటు. ఆ చోటును ఆమెకెవరు నిర్ణయించిరో, ఎప్పుడు నిర్ణయించిరో యెవరికిని తెలియదు. ఆ వయస్సు స్త్రీలకు ఆ దినములలో ప్రతియింటను అట్టి చోటొకటి నిర్ణయమైయుండెడిది.

1996వ సంవత్సరము భాద్రపదమున ఆమె మా తండ్రిగారితో, "అబ్బాయీ, ఆ మూల పెంకు జాఱినట్లున్నది. ఎవరినైన ఎక్కించి చూపింపరాదా?" అని యడుగుట నేను విన్నాను. మా తండ్రిగారు చెడ్డవారు కారు. ఆమెను ఏనాడును పరుషముగా పలికి యెఱుగరు. కాని దసరా వెళ్లిన పిమ్మట మా యక్కను చూచుటకు పెండ్లివారు రావలసియుండెను. వీథియరుగులకు సున్నము, తలుపులకు రంగు, క్రొత్త కుర్చీలు, ఈ వ్యయములన్నియు వచ్చిపడెను. "పండుగ కానిమ్ము, అత్తా" అని ఆయన యనెను. మామ్మ రెండవమాఱు అడుగలేదు. అడుగుట ఆమెకు అలవాటు లేదు. పడకప్రక్కన నొక తప్పెల పెట్టుకొని, వాన కురిసిన రాత్రులందు అది నిండినప్పుడెల్ల లేచి పెరటిలో పాఱబోసి మరల పండుకొనెడిది. ఆ తప్పెలలో నీటిచుక్కలు పడు చప్పుడు నాకు నడిమిగదిలోనికి వినబడెడిది. ఆ చప్పుడు వినుచు నిద్రించుట హాయిగా నుండెనని చెప్పుటకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాను.

పెండ్లివారు వచ్చి వెళ్లిరి. దీపావళికి కొలది దినములు ముందు తుపాను వచ్చెను. ఆ రాత్రి మా పెరటి కొబ్బరిచెట్లు ఒకటొకటిగా కూలుచుండగా అందఱము నడిమిగదిలో చేరితిమి. మామ్మ తన భారతము పుస్తకము తడియునని వసారాలోనికి మరల వెళ్లెను. ఆ మూల నానిన వాసము విఱిగి, పెంకుతోసహా ఆమెమీద బడెను. తుంటియెముక విఱిగెను. తరువాత రెండేండ్లు బ్రదికెను గాని మంచము దిగలేదు.

మా తండ్రిగారు నేరస్థులా? ఈ ప్రశ్నను నేను చాలకాలము మనస్సున మోసితిని. ఆ రాత్రి ఆ జిల్లాలో వేయికి మించిన ప్రాణములు పోయినవి. చక్కగా నేయించిన కప్పులును లేచిపోయినవి. భాద్రపదమున పెంకు సరిచేయించియున్నను ఆ గాలికి మా వసారా నిలిచియుండునని ప్రమాణము చేయువారెవరు? బంధువులు ఓదార్చుచు, దైవము చేసినదానికి నీవేమి చేయగలవనిరి. తుపానువిషయమున నేను తీర్పు చెప్పజాలను. కాని అంతకుముందు తప్పెల పెట్టుకొని లేచి కూర్చున్న రాత్రులు తుపానువి కావు, దైవమువియు కావు. అవి ఒక కూలివాని యొక్క పూట కూలితో పోవలసినవి. వాసము విఱుగకున్నను ఆ రాత్రుల లెక్క మామీద నుండియే యుండెడిది. వాసము విఱిగినందున మాకది కనబడినది, అంతియే.

ఇందుకు వైరాగ్యమార్గముననుండి యొక యాక్షేపణ కలదు. భాగవతము పదునొకండవ స్కంధమున అవధూత తన గురువులలో పామును గూడ చేర్చి, ఇల్లు కట్టుకొనుట దుఃఖహేతువనియు, పాము పరులు చేసిన పుట్టలో సుఖముగా నుండుననియు చెప్పెను. ఇంటిని గూర్చి యింత తపన యేల, మమకారమే కదా యని కొందఱందురు. (ఇట్లనువారిలో పెక్కురు సొంత యిండ్లుగలవారే యగుట నేను గమనించితిని.) సన్న్యాసికి ఆ మాట చెల్లును. పాము తన కప్పు క్రింద మఱియొకరిని పండుకొనబెట్టలేదు. మేనత్తను పెరటివసారాలో నుంచుకొన్న గృహస్థుడు పెంకువిషయమున మాత్రము అవధూత యగుట వైరాగ్యము కాదు.

ఇతరులను ఇంత చెప్పిన పిమ్మట నా సంగతి దాచుట న్యాయము కాదు. నేనిప్పుడు రాజమహేంద్రవరమున నొక డాబాయింట కాపురమున్నాను. వెనుకవైపు రెండు గదులు అద్దెకిచ్చితిని. అందు కూరగాయలమ్ము దంపతులు ఒక పసిబిడ్డతో నున్నారు. రెండేండ్లక్రిందట శ్రావణమున వారి గోడమీద తడిమచ్చ యొకటి నాకు కనబడినది. కనబడినదని చెప్పుచున్నాను, చూడలేదని తప్పించుకొనుటకు వీలులేదు. నా గోడలు పొడిగానే యుండెను. పరీక్షపత్రములు దిద్దవలసియుండెను. ఇంకొక వారము, ఇంకొక వారమని జరుపుచుంటిని. ఆ బిడ్డ మాసమంతయు దగ్గినది. తండ్రి యొకనాడు వచ్చి గుమ్మముకడ నిలిచి, "అయ్యగారూ, మీకు తీరికైనప్పుడు..." అని యాగెను. ఆ మాటతో మామ్మ కంఠస్వరము నా చెవిని పడినట్లయినది. వెంటనే డాబా యెక్కితిని. నీటి తూములో గుప్పెడు వేపాకులును, వీథిపిల్లల రబ్బరుబంతియొకటియు ఇరుకుకొని, పైన నడుగెడు నీరు నిలిచియున్నది. దానిని తీయుటకు పావుగంట పట్టలేదు.

నా శిష్యుని జాబులోని యొక సంగతిని ఇందుకే మరల మరల చదివితిని. న్యూయార్కు నగరమున అక్టోబరు 1 మొదలు మే 31 వఱకు, పగటివేళ బయటి చలి 55 ఫారన్‌హీటు డిగ్రీలకు దిగినచో అద్దెయింట 68 డిగ్రీలకు తక్కువకాని వెచ్చదనమును, రాత్రివేళ ఎట్లున్నను 62 డిగ్రీలను యజమాని కల్పింపవలెనని శాసనము. తన గది చల్లబడినప్పుడు ఆతడు ఫిర్యాదు చేసెనట; మఱునాడు పనివాడు వచ్చెనట. ఆ శాసనము చేసినవారు మనుష్యస్వభావమును బాగుగా నెఱిగినవారు. నిచ్చెన యెక్కవలసినవాడొకడు, చలికి వణకువాడు మఱియొకడు అయినప్పుడు మొదటివాని దయపై రెండవవానిని విడువరాదని వారికి తెలియును. ఇంటిలోపల, బంధువులనడుమ, అట్టి శాసనము లేదు, ఉండజాలదు. మామ్మ ఎవరికి ఫిర్యాదు చేయును?

ఇంకొకరి మాటయు చెప్పవలెను. ఆ తుపానుపిమ్మట మా కప్పు నేసినవాడు అయిదుదినములు మా యింటికే వచ్చెను. అతని తాటాకు గుడిసెకు అప్పటికి కప్పు లేదు. మేము కూలితోపాటు అన్నము గూడ పెట్టితిమని సంతోషించితిమి గాని, "మీ ఇల్లేమైన"దని యడిగినవారు మాలో లేరు. ఆతడు ఆఱవదినమున రానప్పుడు మాత్రము, పనివాండ్రకు మాటనిలుకడ లేదని అనుకొంటిమి.

వసారా మరల నిలిచిన తరువాత మా తండ్రిగారు మామ్మ మంచమును నడిమిగదిలో వేయించిరి. తన మంచమును ఎత్తించి పెరటి వసారాలో ఆ మూలనే వేయించుకొనిరి. ఎందుకని అమ్మ యడిగినపుడు, అచ్చట గాలి బాగుగా నుండుననిరి. మామ్మ పోయిన పిమ్మటను ఆయన లోపలికి రాలేదు. ఏటేట వినాయకచవితి వెళ్లిన మఱునాడు పెంకు చూచువాడు వచ్చెడివాడు. ఆయన క్రింద నిలిచి నిచ్చెన పట్టుకొనెడివారు.