రజకుడి కన్ను పడ్డ నావ

గురుచరిత్ర పారాయణ చేసేవారికి తొమ్మిదో అధ్యాయం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కురువపురంలో శ్రీపాద శ్రీవల్లభులు ఏటికి వచ్చినప్పుడల్లా దూరం నుంచే సాష్టాంగపడే రజకుడు. ఒక వైశాఖంలో కృష్ణలో జలవిహారానికి వచ్చిన యవనరాజు. అలంకరించిన నావ, అందులో రాణులు, మంగళవాద్యాలు, రెండు గట్ల మీదా ఏనుగులూ గుర్రాలూ. రజకుడి నోట్లో నామం ఆగిపోయింది. ఏమిట్రా ఆలోచిస్తున్నావని స్వామి అడిగితే దాచుకోకుండా చెప్పేశాడు. వచ్చే జన్మలో బీదరులో రాజుగా పుడతావు పొమ్మన్నారు స్వామి. మిగతా కథ మీకు తెలుసు.

ఇది ఎక్కడో జరిగిన ముచ్చట కాదు. మక్తల్ దాటి పంచదేవ్ పహాడ్ దాకా వెళ్తే కృష్ణ మధ్యలో కురువపురం దీవి కనిపిస్తుంది. కాగితాల మీద అది రాయచూరు జిల్లాయే అయినా పాలమూరు వాళ్లు పుట్టి ఎక్కేది మన గట్టు నుంచే. గుండ్రటి పుట్టికి ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఒడుపుగా పడకపోతే ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. నిలబడితే పుట్టివాడు తిడతాడు, అంచు మీదికి వంగితే ఇంకా గట్టిగా తిడతాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా మోకాళ్లు ముడుచుకుని నడుమ కూర్చోవాల్సిందే.

వైశాఖ పూర్ణిమ వస్తోంది, బుద్ధుడి మీద ఏదైనా రాయమని సబ్ ఎడిటర్ నుంచి కబురు. రేపు పొద్దుటికల్లా వ్యాసం అందాలి. సరిగ్గా అప్పుడే మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "మామా, దోస్తులమంతా సెలవు పెట్టినం. వారం రోజులు కృష్ణల పడవల మీద దీవులు తిరుగుదమనుకుంటున్నం. యాడికెళ్లి మొదలువెట్టాలె?" సంతోషించాను. "గోవా, అండమాన్ అందరూ పోతరు మామా. మన కృష్ణ దీవులు ఇన్‌స్టాల ఎవ్వరూ సరిగ పెట్టలే" అన్నాడు. సంతోషం సగం అక్కడే కారిపోయింది.

అయినా దారి చెప్పాను. భీమానది వచ్చి కృష్ణలో కలిసే తంగిడి దగ్గర స్నానం చేసి కురువపురం పొమ్మన్నాను. కిందికి వస్తే జూరాల ఆనకట్ట అడ్డం, అక్కడ పడవ దిగి కారెక్కాల్సిందే. జూరాల దిగువన గుర్రంగడ్డ. చుట్టూ నది పాయలు, నడుమ ఊరు, వరదొస్తే పుట్టే దిక్కు. వంతెన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆ ఊరివాళ్లకు దీవిలో ఉండటం విహారమేమీ కాదని కూడా చెప్పాను. బీచుపల్లి ఆంజనేయుడికి దండం పెట్టుకుని, అలంపురంలో జోగులాంబను చూసుకుని, కొల్లాపూర్ మీదుగా సోమశిల. అక్కడ ఇంజన్ పడవ మాట్లాడుకుంటే సంగమేశ్వరం, అమరగిరి. ఆపైన నల్లమల సందుల్లో అక్కమహాదేవి గుహలు, శ్రీశైలం. నల్లగొండ వైపు ఏలేశ్వరం గట్టు, చివరికి నాగార్జునకొండ.

"లాంచీ దొరుకుతదా మామా?" "సోమశిల నుంచి శ్రీశైలం లాంచీ జలాశయం నిండుగా ఉన్నప్పటి మాట. ఎండాకాలం నీళ్లు దిగిపోతయి." "నీళ్లు లేకుంటే ఏం చూస్తం?" "నీళ్లు దిగిపోతేనే కనిపించేటివి చూడుండ్రి."

సంగమేశ్వరుడు అలా కనిపించేవాడే. ఏడు నదులు కలిసే చోటని ప్రతీతి. భీముడు లింగం తెచ్చేలోగా ముహూర్తం మించిపోతుందని ధర్మరాజు వేపమొద్దును ప్రతిష్ఠించాడన్న కథ పాలమూరులోనూ కర్నూలులోనూ చిన్నపిల్లలు కూడా చెబుతారు. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఆ గుడి 2003లో నీళ్లు బాగా తగ్గినప్పుడు మళ్లీ బయటపడింది. అప్పటి నుంచి జలాశయం దిగినప్పుడల్లా దర్శనం. గోడలకు పట్టిన ఒండ్రు కడుగుతారు, దీపం పెడతారు. ఎగువ నుంచి వరద రాగానే చివరి హారతి ఇచ్చేస్తారు. శిఖరం ఒక్కటే మిగిలినప్పుడు పూజారి పడవలో వెళ్లి దానికే పూజ చేసి వస్తాడు. ఆ తర్వాత నెలల తరబడి చీకటి, చేపలు, నీళ్లు. నైవేద్యం లేదు, గంట లేదు, చూసే కన్ను లేదు. అన్ని వరదలు తిన్నా వేపలింగం అలాగే ఉంది. దర్శనానికి వచ్చేవాళ్లు లేకపోతే ఈయన తేజస్సేమైనా తగ్గిందా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మనకైతే ఒక్క పూట కూడా ఎవరూ చూడకుండా గడవడం లేదు. నా కోపం పడవల మీద కాదు, విహారం మీద అసలే కాదు. మనసు బాగుండాలంటే నలుగురు స్నేహితులతో నాలుగు రోజులు నీళ్ల మీద తిరిగి రావడం మంచిదే. పాండవులూ తీర్థయాత్రలు చేశారు, బలరాముడూ చేశాడు. నాగార్జునకొండ లాంచీ ఎక్కి చూడండి. ప్రయాణం గంట కూడా ఉండదు. అందులో నీళ్లకు వీపు పెట్టి నిలబడనివాళ్లు ఎంతమంది? అందరూ ఫోన్లలో తమ ముఖాలే చూసుకుంటూ ఉంటారు. దిగాక మ్యూజియంలో ఇక్ష్వాకుల నాటి శిల్పాల ముందు కూడా అదే వరస. తిరుగు లాంచీకి టైమైందని సరంగు కేకేస్తే పరుగు. 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, జలాశయంలో మునిగిపోయేలోగా చైత్యాలనూ విహారాలనూ రాయి రాయి మోసి కొండ మీద నిలబెట్టినవారు ఈ పరుగు కోసమా అంత కష్టపడ్డది? శ్రీలంక నుంచి వచ్చే యాత్రికులు మాత్రం కొండ మీద ఒక మూల చాప పరిచి కళ్లు మూసుకుంటారు. వాళ్ల పూర్వులకు ఇక్కడ సింహళ విహారం ఉండేది. సబ్ ఎడిటర్ గారూ, బుద్ధుడి గురించి నేను రాయగలిగింది ఇంతే.

మళ్లీ రజకుడి దగ్గరికి వస్తాను. పారాయణలో మనం ఆయన్ను చులకనగా చూస్తాం. గురువు ఎదుట ఉండగా రాజభోగం కోరుకున్నాడని జాలిపడతాం. స్వామి మాత్రం ఒక్క మాట తిట్టలేదు. కోరిక మిగిలితే జన్మ తప్పదు, అనుభవించి రమ్మన్నారు. రజకుడు అప్పుడు రెండో కోరిక కోరాడు చూడండి, పారాయణలో మనం గబగబా దాటేసేది అదే: నేను రాజునైనా మీ స్మరణ పోకుండా చూడండి. పోకుండానే చూశారు. బీదరు రాజుకు తొడ మీద పుండు లేచింది, అది మానడానికి గాణగాపురం వచ్చాడు, అక్కడ నృసింహ సరస్వతి రూపంలో ఉన్న గురువు, ఎక్కడున్నావురా ఇన్నాళ్లూ అన్నారు.

నన్ను తొలిచేది నావలోని రాజు సంగతి. గట్టు మీద ఒకడు బట్టలు ఉతుకుతున్నాడనీ, తనను చూసి నామం మరిచిపోయాడనీ ఆ రాజుకు తెలియదు. అతను వచ్చింది చల్లగాలికి. మనవాళ్లు వెళ్లేది గట్టు మీదివాళ్లు చూడాలని. రజకుడి ముందు నుంచి ఆ నావ ఒక్కసారే సాగిపోయింది, దానికే ఒక జన్మ ఎత్తాల్సి వచ్చింది. ఈ రోజు ఫోన్ తెరిచిన ప్రతివాడి ముందు నుంచీ నిమిషానికొక నావ పోతోంది. ఎన్ని జన్మలు బాకీ పడుతున్నామో చిత్రగుప్తుడే లెక్క రాసుకోవాలి. అసూయ పడ్డవాడి పాపం వాడిదే అని శాస్త్రం చదివినవాళ్లు అనవచ్చు. పనిగట్టుకుని అసూయ పుట్టించేవాడి ఖాతాలో ఏమీ పడదంటే నేను ఒప్పుకోను.

ఆ చూసేవాళ్లలో మనవాళ్లు ఎవరో కూడా తలచుకోవాలి. పాలమూరు కూలీలంటే దేశంలో డ్యాములు కట్టిన చోటల్లా తెలిసిన పేరు. వాళ్ల బిడ్డలు ఇప్పటికీ పుణేలోనో ముంబైలోనో సెంట్రింగ్ పనుల్లో ఉన్నారు, సాయంత్రం అలసిపోయి ఫోన్ చూస్తారు. శ్రీశైలం జలాశయం కింద 1981 ప్రాంతంలో మునిగిన ఊళ్లవాళ్లు కొల్లాపూర్ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. నీళ్లు దిగినప్పుడు పాత ఊరి జాడ వెతుక్కునే ముసలివాళ్లున్నారు. మన పడవ పోయేది ఆ వాకిళ్ల మీదుగానే. అక్కడ పాటలు పెట్టి చిందులేస్తూ వీడియో తీసుకోవడానికి మనసెలా వస్తుందో నాకు అర్థం కాదు. మా మేనల్లుడితో ఈ మాటే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫొటోలు అసలే తియ్యొద్దంటవా మామా?" అన్నాడు. తీసుకో, మీ అమ్మకు చూపించు అన్నాను. వింటాడో లేదో తెలియదు.

ఇంకొక మాట. ఇది ఆధ్యాత్మికం కాదని పక్కన పెట్టకండి. 2007 జనవరిలో కొల్లాపూర్ దగ్గర మంచాలకట్ట రేవులో పడవ మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ఎక్కించుకోవాల్సిన దానికంటే ఎక్కువమందిని ఎక్కించుకునే పడవ ఎక్కవద్దు. ఫొటోలో బాగా పడదని లైఫ్ జాకెట్ విప్పవద్దు. గుడి శిఖరం కనిపించిందని అందరూ ఒకే పక్కకు లేచి ఎగబడవద్దు. సరంగు కూర్చోమంటే కూర్చోండి. గాలి లేస్తోంది, ఈ పూట పోవద్దంటే ఆ పూట గట్టు మీదనే పడుకోండి. మధ్యాహ్నం ఎండలో జలాశయం మీద నీడ దొరకదు. తలపాగా, మంచినీళ్లు మరిచిపోవద్దు.